జూలైలో ఫీజు, డిసెంబర్‌లో చెనిక్కాయ: బెంగళూరులో చదవబోయే పిల్లల ఖర్చు లెక్క

ఏటా జూన్ రాగానే మా ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. నేను బెంగళూరుకి వచ్చి పన్నెండేళ్లయింది. మూడేళ్లు చదువు, మిగతాదంతా ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాసే పని. కదిరి చుట్టుపక్కల ఎవరి పిల్లలకి ఇక్కడ సీటొచ్చినా నా నంబరు వాళ్ల చేతికి చేరుతుంది. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, పీజీ తీసుకునేదా, రూమ్ తీసుకునేదా?" పీజీ అంటే పేయింగ్ గెస్ట్, నెలకింతని తిండితో కలిపి మంచం అద్దెకిచ్చే ప్రైవేటు హాస్టల్.

ఈసారి అడిగింది మా చిన్నాయన కొడుకే. కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కే రాశాడు, ఇంజినీరింగ్ సీటొచ్చింది. నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను. "చిన్నాయన చేతికి దుడ్లు ఏ నెల్లో వస్తాయిరా?"

కాసేపు పలకలేదు. "దానికీ పీజీకీ ఏం సంబంధమక్కా?" అన్నాడు.

ఉంది. వాళ్లది ఐదెకరాల మెట్టచేను, రెండు పాడి ఆవులు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసేది జూన్, జూలైలలో. పీకి, ఆరబెట్టి, అమ్మి డబ్బు కళ్లజూసేసరికి నవంబర్ దాటి డిసెంబర్ వస్తుంది. పాల బిల్లు మాత్రం పదిహేను రోజులకోసారి పడుతుంది. కాలేజీ ఫీజేమో జూలై, ఆగస్టుల్లో కట్టాలి. అంటే ఇంట్లో ఉన్న డబ్బంతా విత్తనానికీ సేద్యానికీ చేలో పోసిన రోజుల్లోనే. మా ఇళ్లలో పిల్లల చదువు అప్పు చాలాసార్లు మొదలయ్యేది డబ్బు లేక కాదు, ఆ నెలలో లేక. అందుకే ఏది చౌక అని చూసే ముందు ఏ ఖర్చు ఏ డబ్బుతో, ఏ నెలలో తీరుతుందో చూడాలి. నెలకి వెయ్యి ఎక్కువైనా పాల బిల్లులో తీరిపోయే ఖర్చు, వెయ్యి తక్కువైనా జూన్‌లో ఒక్కసారే ముప్పై వేలు అడిగే ఖర్చు కంటే మేలు.

ఇంకో మాట ముందే అనుకోవాలి. ఏపీ ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా సీటు తీసుకుని అనంతపురంలోనో మదనపల్లెలోనో చేరితే, అర్హత ఉన్న కుటుంబానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. కామెడ్‌కే సీటు తీసుకున్న మావాడికి అది లేదు. బెంగళూరుకి వస్తున్నారంటే మొదటి ఖర్చు ఆ వదులుకున్న డబ్బే. దాన్ని కూడా కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక కూడా రావాలనిపిస్తే రండి. ఇక్కడ ఇంటర్న్‌షిప్ దొరకడం తేలికన్నది నిజమే, కానీ అది ఏ కాలేజీలో చేరినా దానంతటదే రాదు.

ఫీజు: బ్యాంకా, నోటా, బంగారమా

మావాడి ఫీజు ఏడాదికి రెండు లక్షల పైచిలుకు. లెక్క సులువు కోసం రెండు లక్షలే అనుకుందాం. నాలుగేళ్లకి 8 లక్షలు.

చిన్నాయన మొదట అనుకున్నది ఊళ్లో నోటు రాసివ్వడం. నూటికి రెండు రూపాయల వడ్డీ, తెలిసినవాళ్లే, సాయంత్రం అడిగితే పొద్దున్నకి డబ్బు. రెండు రూపాయలు అనగానే చిన్నగా వినిపిస్తుంది. అది నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. లక్షకి ఏడాదికి 24 వేలు.

అసలు దెబ్బ మూడో ఏడు తగులుతుంది. ప్రామిసరీ నోటుకి చట్టప్రకారం మూడేళ్లే గడువు. ఆ లోపు తీరకపోతే అప్పిచ్చినాయన నోటు తిరగరాయించుకుంటాడు, వడ్డీని అసల్లో కలిపి. లక్షకి మూడేళ్ల వడ్డీ 72 వేలు. కొత్త నోటు 1,72,000కి. నాలుగో ఏడాది వడ్డీ ఆ మొత్తం మీదే, 41,280. మొదటి ఏడు తెచ్చిన లక్ష, పిల్లవాడు డిగ్రీ పట్టా పట్టుకుని ఇంటికొచ్చేసరికి 2,13,280 అవుతుంది. నేను ఈ లెక్క పాత క్యాలెండర్ వెనక రాసి ఫోటో పంపితే, చిన్నాయన అరగంట తర్వాత ఫోన్ చేసి, "ఇదేందమ్మా, ఇంతకు ముందు ఎవురూ ఇట్ల రాసి చూపీలేదే" అన్నాడు.

బ్యాంకు విద్యారుణం ఇంకో తీరు. చదువుతున్నంత కాలం, ఆపైన ఇంకో ఏడాది కిస్తు కట్టక్కర్లేదు. ఈ గడువు కాలానికి బారువడ్డీయే పడుతుంది, చక్రవడ్డీ కాదు. ఆ తర్వాత తీర్చడానికి పదిహేనేళ్ల దాకా గడువు దొరుకుతుంది. డబ్బు ఒక్కసారే రాదు, ఏ ఏటి ఫీజు ఆ ఏడు నేరుగా కాలేజీకి వెళుతుంది. కాబట్టి నాలుగో ఏడు ఫీజుకి మొదటి ఏడు నుంచి వడ్డీ పడదు.

ఎంత అడగాలన్న దగ్గర ఒక కిటుకుంది. 4 లక్షల దాకా ఎవరి వాటా లేకుండా మొత్తం బ్యాంకే ఇస్తుంది. దాటితే మన దేశంలో చదువుకి 5 శాతం మనం పెట్టుకోవాలి. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం కింద తాకట్టు లేకుండా ఇస్తారు. అది దాటితే పొలమో ఇల్లో తాకట్టు అడుగుతారు. 8 లక్షల చదువుకి 8 లక్షలకే దరఖాస్తు పెట్టి, చేను పాసుపుస్తకం తీసుకెళ్లి మేనేజర్ ముందు పెట్టినవాళ్లని చూశాను. మావాడికి ఏడున్నరే రాయమన్నాను. తక్కువైన 50 వేలు నాలుగో ఏడు మాట, అప్పటికి చూసుకోవచ్చు.

వడ్డీ 10 శాతం అనుకుని లెక్క వేద్దాం. రెండు, రెండు, రెండు, చివర ఒకటిన్నర లక్షగా విడుదలైతే, కిస్తులు మొదలయ్యే నాటికి వడ్డీ 2,70,000 అవుతుంది. అదే డబ్బు అదే తేదీల్లో ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే, నోటు తిరగరాయకపోయినా 6,48,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక నేనింకేం చెప్పక్కర్లేకపోయింది.

చదువుతుండగానే వడ్డీ కడుతూ పోవాలా, వదిలేయాలా అన్నది తర్వాతి ఎంపిక. వదిలేస్తే 10,20,000 మీద పదేళ్లకి కిస్తు నెలకి దాదాపు 13,500. కడుతూ వస్తే ఏడున్నర లక్షల మీదే, దాదాపు 9,900. పదేళ్లలో తేడా నాలుగు లక్షలు దాటుతుంది. పైగా చదువు కాలంలో వడ్డీ సకాలంలో కట్టినవాళ్లకి చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి. కానీ అందరూ కట్టగలరా? మొదటి ఏడు నెలకి సుమారు 1,670 రూపాయలు, అది పాల బిల్లులో తీరుతుంది. మూడో ఏటికి 5,000 అవుతుంది, అది తీరదు. అందుకని చిన్నాయనకి నేను చెప్పింది ఇది: నెలనెలా గొంతు మీద కత్తి పెట్టుకోవద్దు. డిసెంబర్‌లో కాయ అమ్మినప్పుడు ఆ ఏటి వడ్డీ ఒకేసారి కట్టు. పంట పోయిన ఏడు కట్టకు. కట్టకపోతే ఎగవేత కింద రాదు, గడువు కాలమే కాబట్టి. ఊళ్లో నోటుకి ఆ వెసులుబాటు ఎక్కడుంది?

ప్రభుత్వ వడ్డీ సాయం వేరే ఉంది. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన మంచి ర్యాంకు కాలేజీల్లో మెరిట్ మీద సీటొచ్చిన పిల్లలకి తాకట్టు, హామీ లేకుండా లోన్ ఇస్తారు. మొదట్లో ఆ జాబితాలో 860 సంస్థలున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు లోన్ మీద, గడువు కాలంలో 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. ఇది ఏడాదికి లక్ష మంది విద్యార్థులకే. ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులైతే ఆ కాలం వడ్డీ మొత్తం మాఫీ చేసే పాత పథకం కూడా నడుస్తోంది. మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు కట్టి తెచ్చుకున్న సీటుకి విద్యాలక్ష్మి వర్తించదు. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెంట్లు ఈ ముక్క మీకు చెప్పరు. చేరబోయే కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు ఎంచుకునే ముందే చూడండి. ర్యాంకు పక్కన రాసుకోవాల్సిన విషయం అది.

తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం జూన్‌లోనే సచివాలయంలో అర్జీ పెట్టి తీసుకోండి. ఆగస్టులో పరుగెత్తితే అందరూ అక్కడే ఉంటారు.

ఏ బ్రాంచికి వెళ్లాలన్న దగ్గర నేను పడ్డ తిప్పలు చెబుతాను. మా ఊరి బ్యాంకాయన "కాలేజీ బెంగళూరులో కదా, అక్కడే అడుక్కోండి" అన్నాడు. ఇక్కడి బ్రాంచిలో "మీ నాన్నగారి అడ్రసు అక్కడ కదా, అక్కడికే వెళ్లండి" అన్నారు. మధ్యలో నెలన్నర పోయింది. ఇప్పుడైతే ముందు విద్యారుణాల ఆన్‌లైన్ పోర్టల్లో దరఖాస్తు పెట్టి, ఆ నంబరు చేతిలో పట్టుకుని, నాన్న ఖాతా ఉన్న ఊరి బ్రాంచికే వెళ్లమంటాను. దరఖాస్తు నంబరుంటే నోటిమాటతో తిప్పి పంపడం కష్టం. లోన్లో నాన్న కూడా సహ రుణగ్రహీత కాబట్టి ఆయన పాత పంట రుణం బాకీ పడి ఉంటే ముందు దాని సంగతి చూడండి. అక్కడే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి.

ఇక బంగారం. నాలుగేళ్ల చదువుని బంగారం మీద నడపడం నాకిష్టం లేదు. మామూలుగా ఆ లోను ఏడాదికే ఇస్తారు. ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, ఒక్క ఏడు తప్పినా వేలం నోటీసు వస్తుంది. కానీ ఒక్క పనికి దానంత మంచిది లేదు: జూలైలో ఫీజు గడువు, బ్యాంకు మంజూరు సెప్టెంబర్‌లో. ఆ రెండు నెలల సందు పూడ్చడానికి. గొలుసు బ్యాంకులో పెట్టి సీటు నిలబెట్టుకోండి, రసీదు జాగ్రత్త చేయండి. మంజూరయ్యాక, ముందే కట్టిన ఫీజుని రసీదు చూసి తిరిగిచ్చే బ్యాంకులున్నాయి. ఆ మాట దరఖాస్తు రోజే అడిగి పెట్టుకోవాలి. బ్యాంకులో ఆ రెండు నెలలకి పడే వడ్డీ, అదే రెండు నెలలు ఊళ్లో తెచ్చిన దానికి సగం కూడా ఉండదు.

స్కాలర్‌షిప్: వస్తే పండగ, రాకపోతే లెక్క మారకూడదు

నా అనుభవంలో స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పుడూ అనుకున్న నెలలో రాలేదు. రెండో సెమిస్టర్ అయ్యాక వచ్చింది ఒకసారి. కాబట్టి దాన్ని ఏ ఖర్చుకీ ముడిపెట్టకండి. వచ్చినప్పుడు నేరుగా లోన్ వడ్డీకి జమ చేయండి. అలాగని దరఖాస్తు మానకూడదు.

ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద 80వ పర్సంటైల్ పైన ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టుకోవచ్చు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, పోస్ట్ గ్రాడ్యుయేషన్ కోర్సుకి 20,000. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి, దానికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. దరఖాస్తుని పరిశీలించేది బెంగళూరు కాలేజీయే. కాలేజీలో ఆ పని చూసే మనిషెవరో మొదటి వారంలోనే కనుక్కోండి. పిల్లలు ఆన్‌లైన్‌లో నొక్కేసి మరిచిపోతారు, అది కాలేజీ లాగిన్‌లో పడి మురిగిపోతుంది.

ఆడపిల్లలకి ఏఐసీటీఈ ప్రగతి ఉంది: సాంకేతిక కోర్సు మొదటి ఏడాదిలో చేరినవాళ్లకి ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. నేను చూసిన వాటిలో బెంగళూరు పీజీ అద్దెలో సగమైనా మోసే స్కాలర్‌షిప్ ఇదే. ఎస్సీ, ఎస్టీ పిల్లలు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కర్ణాటకలో కాదు, సొంత రాష్ట్రంలోనే దరఖాస్తు పెట్టాలి.

ఉండేది: హాస్టలా, పీజీనా, రూమా

ఇప్పుడు వాడడిగిన ప్రశ్నకొద్దాం. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, మడివాల వైపు పీజీ బోర్డుల్లో సగం తెలుగులోనే ఉంటాయి. "ఆంధ్రా స్టైల్ ఫుడ్" అని రాసినంత మాత్రాన మోసపోకండి. టమాటా పప్పు రుచి బోర్డు మీద తెలియదు. పీజీ చూడటానికి వెళ్లేది పగలు పదకొండుకి కాదు, రాత్రి తొమ్మిదికి వెళ్లండి. అన్నం గిన్నె అడుగు కనిపిస్తోందా, పెరుగు గరిటెతో తీస్తున్నారా, గ్లాసుతో పోస్తున్నారా, బాత్రూం బకెట్ల దగ్గర ఎంతమంది ఉన్నారు, అప్పుడు తెలుస్తుంది. నేనున్న చోట ఆదివారం చికెన్‌కి ఒక అక్క గరిటె పట్టుకుని నిలబడేది. రెండు ముక్కలు, ఒక ఎముక. మూడోసారి పళ్లెం చాపినవాళ్లకి పులుసు మాత్రమే.

మా వీధిలో ముగ్గురుండే గదికి తిండితో కలిపి 8,500 అడుగుతున్నారు. చూడ్డానికి అంతే. కానీ కాలేజీ ఆరు కిలోమీటర్ల దూరమైతే మధ్యాహ్నం భోజనానికి పీజీకి రాలేరు. డబ్బా కట్టివ్వని చోటైతే క్యాంటీన్‌లో 70 రూపాయలు, నెలకి 22 రోజులు, 1,540. బస్సు, మెట్రో ఇంకో 1,200. మొత్తం 11,240. బోర్డు మీద ఉన్న అంకెకీ దీనికీ దగ్గర దగ్గర మూడు వేలు తేడా. అందుకే దూరంగా చౌకగా దొరికే పీజీ కంటే, కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో పదివేల పీజీ చౌక. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైంది, అంతకు ముందు నెల్లో బీఎంటీసీ సిటీ బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఆడపిల్లలకి బస్సు ఉచితం కదా అనుకుని వస్తారు. ఆ శక్తి పథకం కర్ణాటక నివాసులకి మాత్రమే. మన ఆధార్ మీద శ్రీ సత్యసాయి జిల్లా అని ఉంటే కండక్టరు టికెట్ కొడతాడు.

రూమ్ లెక్క వేరు. నలుగురు కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకుంటే, అద్దె 28,000 అనుకుందాం, తలా 7,000. కరెంటు, నీళ్లు, నెట్ తలా 900. వంటమనిషి నెలకి 4,800 తీసుకుంటే తలా 1,200. సరుకులు, గ్యాస్, కూరగాయలు, పాలు తలా 2,700. మొత్తం 11,800. అంటే పీజీ కంటే చౌకేమీ కాదు. తిండి మాత్రం మనకిష్టమైనట్టు ఉంటుంది, సోనా మసూరి అన్నం తినొచ్చు, పచ్చడి జాడీ ఎవరూ ఖాళీ చేయరు. అసలు బరువు మొదటి రోజున పడుతుంది. ఐదు నెలల అడ్వాన్స్ అంటే 1,40,000, తలా 35,000. కొన్ని ఇళ్లకి పది నెలలు కూడా అడుగుతారు. పరుపు, పొయ్యి, సిలిండర్, గిన్నెలు అదనం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊళ్లో ఆనవాయితీ. ఈ 35,000 కావలసింది ఎప్పుడు? జూలైలో. విత్తనం నెల.

ఇంకో ప్రమాదం డబ్బుది కాదు, మనుషులది. నలుగురిలో ఒకడికి ఇంటర్న్‌షిప్ దూరంగా దొరికి వెళ్లిపోయాడంటే మిగిలిన ముగ్గురికీ తలా 2,300 పైన భారం. మొదటి ఏడు ఎవడు ఎలాంటివాడో తెలియదు. అందుకని మొదటి ఏడు రూమ్ వద్దనే నా మాట. రెండో ఏడు మొదట్లో, డిసెంబర్ కాయ డబ్బులో కొంత అడ్వాన్స్‌కి పక్కన పెట్టుకుని, ఏడాది పాటు పక్క మంచంలో చూసిన మనుషులతో వెళ్లండి.

కాలేజీ హాస్టల్ ఏడాదికి ఒకేసారి కట్టించుకుంటుంది, సెలవు నెలలకి కూడా. విడిగా చూస్తే పీజీ కంటే ఖరీదు. కానీ హాస్టల్ ఫీజు కాలేజీ ఇచ్చే ఖర్చుల అంచనా పత్రంలోనే ఉంటుంది కాబట్టి విద్యారుణంలో సులువుగా కలిసిపోతుంది. పీజీ అద్దెకి మేనేజర్‌ని ఒప్పించుకోవాలి. కాబట్టి ఫీజు తక్కువై, లోన్ ఏడున్నర లోపు చోటు మిగిలినవాళ్లకి హాస్టలే మంచిది. మావాడిలా ఫీజే లోన్ మొత్తాన్ని మింగేస్తే పీజీ. పదిహేను రోజులకొచ్చే పాల బిల్లుకి నెలనెలా కట్టే పీజీ సరిగ్గా కుదురుతుంది. జీతం ఉన్న ఇల్లయితే మూడింటిలో ఏదైనా నడుస్తుంది, వాళ్లకి ఈ బాధే లేదు.

పీజీలో చేరే రోజు ఒక్క పని మరవకండి. నేను మొదటి పీజీ ఖాళీ చేసినప్పుడు నెల ముందు చెప్పాలన్న నియమం నాకు తెలియదు, ఇరవై రోజుల ముందు చెప్పాను. ఐదు వేల అడ్వాన్స్ మొత్తం పోయింది. రసీదు వెనక చిన్న అక్షరాల్లో కన్నడలో ఉందట. అడ్వాన్స్ ఎంత, మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ మూడూ ఓనర్‌తో వాట్సాప్‌లో రాయించుకోండి. "సరే" అన్న ఒక్క మాట వచ్చినా చాలు.

చేతి ఖర్చు

నాకు నాయన నెలకి ఐదు వేలు వేసేవాడు, పీజీ కాకుండా. మొదటి నెల పంతొమ్మిదో తేదీకి అయిపోయింది. ఎక్కడికి పోయిందని కూర్చుని రాస్తే సినిమా, బట్టలు లాంటి పెద్ద ఖర్చేమీ లేదు. టీ, సమోసా, ఆటో, జిరాక్స్, ఎవరిదో పుట్టినరోజుకి కేకులో వాటా.

ఖర్చు రాసుకునే యాప్‌లు మూడు వాడి చూశాను. ఏదీ నెల దాటలేదు. ఖర్చయ్యాక రాసుకోవడం అంటే దొంగ పోయాక తలుపు వేసుకోవడమే. నాకు పనికొచ్చింది ఒకటే: డబ్బు వచ్చిన ఖాతాకి యూపీఐ తీసేశాను. ఆదివారం సాయంత్రం ఇంకో ఖాతాకి వారం డబ్బు మాత్రమే మార్చుకునేదాన్ని. శుక్రవారానికి అయిపోతే శుక్రవారం, శనివారం పీజీ తిండే. ఇప్పుడైతే యూపీఐ లైట్ అదే పని చేస్తుంది. అందులో 5,000 మించి ఉంచలేరు, ఒక్కసారి 1,000 మించి కట్టలేరు. వారానికి 1,200 వేసుకుని, ఆటో టాప్‌అప్ ఆపేసి పెట్టుకోండి. ఆపకపోతే అడుగు లేని కుండే.

కొందరు తల్లిదండ్రులు యూపీఐ సర్కిల్ అడుగుతున్నారు. నాన్న ఖాతా నుంచే పిల్లవాడు కట్టుకుంటాడు, నెలకి 15,000, ఒక్కోసారికి 5,000 దాకా హద్దు పెట్టొచ్చు. డబ్బు వృథాగా కూర్చోదు, హద్దు దాటదు, బాగానే ఉంది. కానీ ప్రతి టీకీ కదిరిలో నాన్న ఫోన్ మోగుతుంది. "ఏంరా, రాత్రి పదకొండుకి నూట ఎనభై?" అన్న ఫోన్ రోజూ వస్తే వాడు నగదు అడగడం మొదలుపెడతాడు. పదిహేడేళ్ల పిల్లవాడికి, మొదటి రెండు నెలలకి సరే. తర్వాత వారం డబ్బు పద్ధతికి మార్చండి.

కాలేజీ గేటు దగ్గర టేబుల్ వేసుకుని ఇచ్చే క్రెడిట్ కార్డులు, ఇప్పుడు కొను తర్వాత కట్టు, ఐదు నిమిషాల్లో లోన్ యాప్ గురించి పెద్దగా చెప్పను. కార్డు బాకీ మీద నెలకి మూడున్నర శాతం వడ్డీ మామూలు మాట. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అంటే అమ్మానాన్న గుడ్లు తేలేస్తారు. ఫోన్లో అయితే అదే వడ్డీకి పచ్చరంగు బటన్ పెడతారు. పిల్లవాడి పేరున ఇక్కడ పడ్డ మచ్చ రేపు విద్యారుణం తీర్చాక ఇంటి లోన్ అడిగే రోజున బయటికొస్తుంది.

డబ్బు నిజంగా అయిపోయిన రోజుకి ఇందిరా క్యాంటీన్ ఉంది. 2017 ఆగస్టులో మొదలైంది, టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు. సిగ్గుపడాల్సిందేం లేదు, నేను మా ఆఫీసు దగ్గర ఇప్పటికీ తింటాను.

పండగ ప్రయాణం ఒకటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. సంక్రాంతికి ప్రైవేటు బస్సు టికెట్ ధర మామూలు రోజుకి రెండు మూడింతలు చూశాను. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 అక్టోబర్ వరకు 120 రోజులుండేది. అంటే సంక్రాంతి టికెట్ నవంబర్ రెండో వారంలో. వారం డబ్బులోంచి నూరు పక్కన పెడుతూ వస్తే అప్పటికి రానూపోనూ సరిపోతుంది.

మావాడి సంగతి: కాలేజీకి నడక దూరంలో తొమ్మిదిన్నర వేల పీజీ చూశాం, రాత్రి తొమ్మిదికి వెళ్లి చూశాం, పెరుగు గరిటెతోనే తీస్తున్నారు. ఏడున్నర లక్షలకి దరఖాస్తు పోర్టల్లో పడింది, నంబరు చిన్నాయన చొక్కా జేబులో ఉంది. ఫీజు గడువు పదో తేదీ. బ్యాంకు నుంచి ఇంకా ఫోన్ రాలేదు. విత్తనానికి దాచిన డబ్బు తీద్దామా అని చిన్నాయన అడుగుతుంటే, చిన్నమ్మ లోపలికెళ్లి బీరువా తెరిచి, గొలుసు తెచ్చి మంచం మీద పెట్టిందట. "రెండు నెలలే కదా, సెప్టెంబర్‌కి నా మెళ్లో ఉండాల" అందట. నిన్న బ్యాంకులో తూకం వేయించారు.